కార్టన్‌లో వచ్చిన గీతల డబ్బా

మా మరిది దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన రోజు, కార్టన్ విప్పేటప్పుడు ఇంట్లో నిలబడే జాగా లేదు. మా వైపు అదొక చిన్న పండుగ. ప్లాస్టిక్ తాడు చుట్టి, నాలుగు పక్కలా పేరూ ఊరూ పెద్ద అక్షరాలతో రాసిన ఆ అట్టపెట్టెను నడింట్లో పెడతారు. చుట్టాలూ ఇరుగుపొరుగూ చుట్టూ కూర్చుంటారు. ఒక్కో వస్తువు బయటికి వస్తుంటే, ఎవరికి ఏది అన్న పంపకాలు కళ్లతోనే జరిగిపోతాయి. సబ్బులు, సెంటు సీసాలు, ఖర్జూరాలు, బాదం పలుకులు, నొప్పుల నూనె వచ్చాయి. అడుగున దళసరి దుప్పటి ఉంటుందని మా అత్తమ్మ ముందే అందరికీ చెప్పి పెట్టింది. దుప్పటి ఉంది. కానీ దాని మడతల్లో ఒక ఇనుప డబ్బా ఉంది.

“టీవీ తెచ్చినవా కొడుకా?” అంది పక్కింటి పెద్దమ్మ.

“గింత చిన్న టీవీ ఏడుంటదే? గన్ని మీటలెందుకు దానికి?” అన్నాడు మా ఆయన.

అత్తమ్మ ముందుకు వంగి డబ్బాను, దాని ముందున్న గుండ్రటి అద్దాన్ని, అద్దం మీది గళ్లను పరీక్షగా చూసింది. “టీవీ గాదు గీవీ గాదు. గిది గుండెకు పెట్టే మిషను. మా చెల్లె మంచిర్యాల దవాఖానల పడ్డప్పుడు మంచం పక్కన గిసొంటిదే ఉండె. పచ్చ గీత ఉరుకుతుండె.”

కాదని చెప్పాల్సింది మరిది. వాడు నావైపు చూసి నవ్వాడు, అంతే. ఎందుకంటే ఆ డబ్బా నాది. వాడు అక్కడ ఒక శిక్షణ కేంద్రంలో గదులు ఊడ్చి సర్దే పని చేస్తాడు. పాత సామాను పారేస్తుంటే ఒకరోజు ఫోన్‌లో వీడియో పెట్టి, “వదినా, గీ డబ్బ బయటేస్తుండ్రు. నీకేమన్న పనికొస్తదా?” అని అడిగాడు. తెర చూడగానే గుర్తుపట్టాను. ఆసిలోస్కోప్! “ఏదన్న ఇడిసిపెట్టి రా గని దాన్ని ఇడిసిపెట్టకు” అన్నాను. వాడు వాళ్ల పెద్దసారును అడిగి తీసుకున్నాడు. నిజానికి కార్టన్‌లో రెండు దుప్పట్లకు చోటుంది. రెండోదాని చోటు నా డబ్బా తినేసిందని అత్తమ్మకు ఇప్పటికీ తెలియదు.

నేను బడిలో చదివింది పదో తరగతి. ఆ పైన చదివిందంతా లైబ్రరీలోనే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు సరికదా, గర్వం. మా ఇంటి ముందు గది మా ఆయన మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ చుట్టడంలో నేనూ చెయ్యి వేస్తాను. చుట్టగా చుట్టగా ఒక ప్రశ్న పట్టుకుంది. ఇంత తీగ చుడుతున్నాం కదా, దీని లోపల పోయేది ఎలా ఉంటుంది? మా ఆయనను అడిగితే, “ముట్టుకో, తెలుస్తది” అన్నాడు. నేను లైబ్రరీకి వెళ్లాను.

మా చెన్నూరు లైబ్రరీలో పేపరు చదివే పెద్దమనుషులు, ఉద్యోగ పరీక్షల పిల్లలు ఎక్కువ. వెనుక వరుస బీరువాల దాకా వెళ్లేది దాదాపు నేనొక్కదాన్నే. అక్కడే, ఐటీఐ పిల్లల కోసం ఎవరో తెలుగులో రాసిన పాత పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయింది కాబట్టి పేరు తెలియదు. కరెంటు ఒక్క తీరుగా పారదని, ముందుకూ వెనక్కూ ఊగుతుందని, ఆ ఊపును తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్ అనే పరికరం ఒకటుందని అందులో చదివాను. బొమ్మ కూడా ఉంది. ఆ బొమ్మను ఎన్నిసార్లు చూశానంటే, నిజం డబ్బా చేతికొచ్చేసరికి పాత చుట్టం ఇంటికొచ్చినట్టు అనిపించింది.

అయితే ఇంట్లో ఆ రోజుల్లో అందరి మనసూ వేరే విషయం మీద ఉంది. అత్తమ్మకు కొన్నాళ్లుగా ఆయాసం. నాలుగు మెట్లెక్కితే ఆగిపోతుంది. ఒక్కోసారి కూర్చున్న చోటే గుండె దడదడమంటుంది. మంచిర్యాలలో చూసిన డాక్టరు, కరీంనగర్ తీసుకెళ్లి గుండె పరీక్షలు చేయించమని, జాప్యం చేయొద్దని గట్టిగా చెప్పాడు. అప్పటినుంచి అత్తమ్మకు రోజుకొక అడ్డం. ఎండలు తగ్గనీ అంది. తగ్గాయి. చిన్నోడు రానీ అంది. వచ్చాడు. తిరిగి వెళ్లేలోపు పరీక్ష చేయించి, ఆమె ఒంట్లో ఏముందో తెలుసుకుని విమానం ఎక్కాలని వాడి ఆరాటం. అక్కడ దూరాన కూర్చుని ఫోన్ మోగినప్పుడల్లా గుండె గుభేలుమనడం తన వల్ల కాదన్నాడు.

డబ్బాకు దుబాయి ప్లగ్గు ఉంది, మూడు చదరపు కాళ్లది. మా ఆయన దాన్ని కోసేసి మన ప్లగ్గు బిగించాడు. నేను మిషన్ కుట్టే బల్ల ఖాళీ చేసి దాని మీద డబ్బా పెట్టాను. స్విచ్ వేశాను. కాసేపటికి లోపల గొట్టం వేడెక్కిన వాసన వచ్చింది. తెర మాత్రం చీకటి.

“దుబాయి చీకటి తెచ్చి పెట్టుకున్నవ్ పో” అన్నాడు మా ఆయన.

నేను లైబ్రరీ పుస్తకంలోంచి రాసుకున్న నోటుబుక్కు తెరిచాను. గీత తెర బయట పైనో కిందో ఉండవచ్చని అందులో ఉంది. పైకీ కిందికీ జరిపే నాబ్ తిప్పాను. మొదట పచ్చటి మసక, తర్వాత, అదిగో, అడ్డంగా సన్నటి గీత! ఇంకో నాబ్ తిప్పితే మసక పోయి దారంలా పదునెక్కింది. నేను చప్పట్లు కొట్టాను. వంటింట్లోంచి వచ్చిన అత్తమ్మ ఆ గీత చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“బంద్ చెయ్! ముందుగాల బంద్ చెయ్! గీత గట్ల సాఫ్‌గ ఉంటె మనిషి పోయినట్టు. సీరియళ్ల సూడలే? ఇంట్ల గిదేం అపశకునమే!”

ఆమెకు ధైర్యం చెప్పడానికి, గీత కదులుతుందని చూపించాలనుకున్నాను. డబ్బాకు ఒక వైరు ఉంటుంది, దాని కొనకు సూదిలాంటి మొన. ప్రోబ్ అంటారు. దేన్ని చూడాలనుకుంటే దానికి ఆ మొన తాకించాలి. నేను వేలు తాకించాను. సాఫ్ గీత మీద గుట్టలు లేచాయి, గుండ్రటివి, ఒకదాని వెనుక ఒకటి, తెర మీద ఉరుకుతూ. అత్తమ్మ మొహం విప్పారింది.

“నాకు పెట్టు.”

ఆమె ఎప్పటిలాగే ప్లాస్టిక్ కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంది. వేలు తాకించింది. గుట్టలు నావాటికంటే దాదాపు రెట్టింపు ఎత్తు లేచాయి. మరిది తాకించాడు, చిన్నవి. మా ఆయన తాకించాడు, ఇంకా చిన్నవి.

“సూసిండ్రా?” అంది అత్తమ్మ. “ఇంట్ల అందరి గుండెలకంటె నా గుండెనే గట్టిగున్నది. కరీంనగర్ లేదు గిరీంనగర్ లేదు. నేనెటూ రాను.”

మరిది తల పట్టుకున్నాడు. “అవ్వా, గది గుండె మిషన్ కాదే!”

“నువ్వు తెచ్చిన మిషన్ అబద్ధం చెప్తదారా?”

సాయంత్రానికి వీధిలో సగం మంది మా ఇంట్లో ఉన్నారు. పక్కింటి పెద్దమ్మ గుట్టలు చూసి, తన మొగుడి గుట్టలకంటే తనవే పెద్దవని మురిసిపోయి వెళ్లింది. మరిది నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అన్నాడు: “వదినా, నేను నీ డబ్బ మోసుకొచ్చిన. నా పనేమో ఉల్టా అయింది. ఎట్లనన్న చేసి అవ్వను ఒప్పియ్యి.”

మరునాడు పొద్దున్నే లైబ్రరీ తలుపు తీసేసరికి నేను మెట్ల మీద ఉన్నాను. గుట్టలు ఎందుకు ఉరుకుతున్నాయో, వాటిని ఆపి చదవడం ఎలాగో ఆ పాత పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది. ట్రిగ్గర్ అనే నాబ్ గురించి మూడుసార్లు చదివినా అర్థం కాలేదు. నాలుగోసారి చదువుతుంటే మా బాపు గుర్తొచ్చాడు. బాపు బెల్లంపల్లి గనిలో పనిచేసేవాడు. మా క్వార్టర్ల వెనుక నుంచే బొగ్గు బండ్లు పోయేవి. చిన్నప్పుడు నేనొక ఆట ఆడేదాన్ని. ఒక స్తంభం దగ్గరికి రైలు డబ్బా రాగానే కళ్లు తెరిచి, వెంటనే మూసి, మళ్లీ తర్వాతి డబ్బా సరిగ్గా అక్కడికి రాగానే తెరిచేదాన్ని. అలా చేస్తే ఉరికే బండి నిలబడిపోయినట్టు కనిపించేది. ట్రిగ్గర్ చేసేది అదే! గుట్ట ప్రతిసారీ ఒకే ఎత్తుకు రాగానే గీయడం మొదలుపెడుతుంది, అందుకే బొమ్మ నిలబడుతుంది. లైబ్రరీలో బల్ల మీద చరిచాను. పేపరు చదివే పెద్దమనిషి కళ్లద్దాల పైనుంచి చూశాడు.

ఇంటికొచ్చి నాబ్ తిప్పితే గుట్టలు టక్కున ఆగాయి. ఇక లెక్క. తెర మీద గళ్లున్నాయి కదా, ఒక్కో గడి పొడవు ఎంత కాలమో ఇంకో నాబ్ చెబుతుంది. ఒక గుట్ట కొన నుంచి తర్వాతి కొనకు సరిగ్గా నాలుగు గళ్లు. నాబ్ మీద ఉన్నదాన్ని బట్టి, సెకనులో యాభైవ వంతు. అంటే సెకనుకు యాభై గుట్టలు. మన కరెంటు సెకనుకు ఊగేది కూడా యాభై సార్లే. మన ఒళ్లు గోడల్లోని తీగల నుంచి ఆ ఊపును ఏరుకుంటుంది. ప్రోబ్ దాన్నే చూపిస్తోంది. అత్తమ్మ గుట్టలు పెద్దవి కావడానికి కారణం ప్లాస్టిక్ కుర్చీ. మా కాళ్లు గచ్చు మీద ఉన్నాయి, మా ఊపు నేలలోకి జారిపోయింది. ఆమె కాళ్లు పైన ఉన్నాయి.

నేను గెలిచాననుకుని అత్తమ్మను పిలిచాను. “అత్తమ్మా, గీ గుట్టలు సెకనుకు యాభై. నీ గుండె సెకనుకు యాభై సార్లు కొట్టుకుంటదా?”

“నా గుండె, నా ఇష్టం.”

“జర కాళ్లు కింద పెట్టు.” పెట్టింది. గుట్టలు కుంగిపోయాయి. “సూసినవా? కాళ్లు కింద పెడితె గుండె చిన్నగైతదా?”

“నేల సల్లగున్నది. సలికి ముడుసుకున్నది.”

మరిది నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నాకు రోషమొచ్చింది. వంటింట్లోంచి సొరకాయ తెచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, దానికి ప్రోబ్ మొన గుచ్చాను. గుట్టలు సన్నగా లేచాయి. గుట్టల ఎత్తును పెంచే నాబ్ ఒకటుంది. దాన్ని తిప్పాను. సొరకాయ గుట్టలు అత్తమ్మవంత అయ్యాయి.

“గిప్పుడు చెప్పు. సొరకాయకు సుత గుండెనేనా?”

అత్తమ్మ సొరకాయను, తెరను మార్చి మార్చి చూసింది. “పాణమున్నదే గదనె. నిన్నటిదాక తీగకున్నది. పాపం, దానికి గుచ్చినవ్.”

పుస్తకం ఓడిపోయిందనుకున్నాను. ఆ మధ్యాహ్నం మళ్లీ పక్కింటి పెద్దమ్మ వచ్చింది. అత్తమ్మ కుర్చీలో కాళ్లు ముడుచుకుని, వేలు ప్రోబ్‌కు ఆనించి, తన గుండె బలం గురించి చెబుతోంది. అప్పుడే కరెంటు పోయింది. మా షాపులో పాత ఇన్వర్టర్ ఉంది. మా ఆయన ఎక్కడినుంచో తెచ్చి బాగుచేసినది. ఫ్యాను ఒక మూలుగు మూలిగి మళ్లీ తిరిగింది. తెర ఒకసారి ఆరి వెలిగింది.

గుండ్రటి గుట్టలు లేవు. వాటి చోట ముళ్లు. నిటారుగా లేచి, కిందికి జారి, మళ్లీ కిందికి నిటారుగా పొడుచుకునే కొనలు.

“అయ్యో! నా గుండెకేమైంది?” అత్తమ్మ వేలు వెనక్కి లాక్కుంది.

పెద్దమ్మ నిలువునా లేచింది. “గుండెల ముళ్లు మొలిచినయే!”

నేను గబగబా నా వేలు పెట్టాను. అవే ముళ్లు. మరిదిని పిలిచి పెట్టమన్నాను. అవే ముళ్లు. సొరకాయ ఇంకా అక్కడే ఉంది, దానికీ గుచ్చాను. సొరకాయకూ ముళ్లే. మా ఇన్వర్టర్ అచ్చమైన ఊపు ఇవ్వదు. గుండ్రంగా ఎక్కి దిగే కరెంటుకు బదులు ఒక్క దెబ్బకు పైకి, ఒక్క దెబ్బకు కిందికి తంతుంది. అలాంటిది ఉంటుందని చదివానే గాని, కళ్లతో చూడటం అదే మొదటిసారి. ఆ కంగారులోనూ నాకు లోపల ఎంత సంతోషమో!

అత్తమ్మ మాత్రం కదలకుండా తెరనే చూస్తోంది. కాసేపటికి కరెంటు వచ్చింది. ఆమె తనంతట తానే వేలు చాచి ప్రోబ్‌ను తాకింది. గుండ్రటి గుట్టలు తిరిగొచ్చాయి.

“అంటె గిది నా గుండె గాదు” అంది నెమ్మదిగా. “ఇంట్లున్న కరెంటు.”

“అవునత్తమ్మా.”

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆమె కాళ్లు కిందికి దించింది. పెద్దమ్మ ఏదో పని గుర్తొచ్చి వెళ్లిపోయింది. మరిది ఆమె పక్కన గచ్చు మీద కూర్చున్నాడు.

“మా చెల్లెకు పెట్టిండ్రు మిషను” అంది అత్తమ్మ. “పెట్టినంక మళ్ల ఇంటికి రాలే. గీ డబ్బల మంచిగ కనవడ్డది గదా, గింతతోని అయిపాయె అనుకున్న.”

నాకు తోచింది నేను చెప్పాను. “అత్తమ్మా, మిషను ఉన్నదాన్ని సూపెడతది, అంతే. లేంది పుట్టియ్యదు. చిన్నత్తమ్మకు రోగం ముందే ఉన్నది. సూసుడే ఆలస్యమైంది.”

ఆమె చాలాసేపు చీర కొంగు మడతలు పెట్టింది. తర్వాత నావైపు తిరిగింది. “నడువుండ్రి పోదాం. గని ఒక్కటి. గక్కడ సుత గీత వస్తది గదా. డాక్టర్లు ఇంగ్లీషుల ఏదో అంటరు. గా గీత నువ్వు సదివి నాకు చెప్పాలె. దాసిపెట్టద్దు.”

మరిది ఊపిరి పీల్చుకున్నాడు. నాకు మాత్రం అప్పుడు మొదలైంది పరేషాన్. సొరకాయ గీత చదివినంత తేలిక కాదు కదా అది.

కరీంనగర్ ఆస్పత్రిలో ఈసీజీ తీసే అమ్మాయి అత్తమ్మ ఛాతీ మీద చల్లటి జెల్లు పూసి, వైర్లు అంటించింది. అత్తమ్మ పడుకునే అడిగింది: “బిడ్డా, ఒక్కసారి మీ కరెంటు బంద్ చెయ్యి.”

“ఎందుకమ్మా?”

“గీత మారుతదా లేదా సూడాలె. మీ గోడ గీతను నా గీత అని చెప్తరేమో.”

ఆ అమ్మాయి నవ్వుతూ మిషన్‌ను గోడ ప్లగ్గు నుంచి పీకేసింది. అది బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది, గీత మారలేదు. అత్తమ్మ సరేనని కళ్లు మూసుకుంది. కాగితం చుట్టలా బయటికి వచ్చింది. గులాబీ రంగు గళ్లు, వాటి మీద నల్లటి గీత. చూడగానే నాకు ధైర్యమొచ్చింది. ఇక్కడా గళ్లే! “ఒక్క సెకనుకు ఎన్ని గళ్లమ్మా?” అని అడిగాను. “పెద్దవి ఐదు” అంది ఆ అమ్మాయి, కాస్త ఆశ్చర్యంగా.

నేను కొన నుంచి కొనకు లెక్క పెట్టాను. ఒకచోట మూడు గళ్లు. దాని పక్కన రెండు. ఆ పక్కన నాలుగున్నర. మళ్లీ రెండు. నా వేలు కాగితం మీద ఆగిపోయింది. ఈ గీతను ఏ ట్రిగ్గర్ నాబ్ తిప్పి నిలబెట్టినా నిలబడదు.

“ఏం కనవడ్డది?” అంది అత్తమ్మ, కళ్లు తెరవకుండానే.

దాచిపెట్టొద్దని ముందే చెప్పింది కదా. “కొనల నడుమ దూరం ఒక్క తీరుగ లేదత్తమ్మా. ఒకటి దగ్గర, ఒకటి దూరం.”

“అడుగులు తప్పుతున్నదన్నట్టు.”

“ఆ.”

“నాకు ఎరుకే. రాత్రిపూట ఇనవడుతది” అంది. మరిది వాళ్ల అమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

డాక్టరమ్మ కాగితం చూసి, గుండె స్కానింగ్ కూడా చేయించి, తెలుగులోనే చెప్పింది. కొట్టుకోవడం లయ తప్పింది. గుండె గోడలు, కవాటాలు బాగున్నాయి. సమయానికి వచ్చారు, ఇంకా ఆలస్యమైతే రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ప్రమాదముంది. రోజూ తప్పకుండా మాత్రలు వేసుకోవాలి, చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి. కోత లేదు, ఆస్పత్రిలో ఉండటం లేదు.

“ఇంటికి పోవచ్చా?” అని అడిగింది అత్తమ్మ. పోవచ్చంది డాక్టరమ్మ. అత్తమ్మ అదే మాట మళ్లీ అడిగి, అదే జవాబు మళ్లీ విని, చీర కుచ్చిళ్లు సర్దుకుని లేచింది.

మరిది అనుకున్న రోజుకే విమానం ఎక్కాడు. వాడు ఇప్పుడు ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న మాత్రల గురించే. అత్తమ్మ ఖాళీ అయిన అట్టను ఫోన్‌కు ఎదురుగా పెట్టి చూపిస్తుంది. ఆయాసం తగ్గింది. దడ ఎప్పుడో ఒకసారి వస్తుంది, పోతుంది.

వీధిలో మాత్రం మా డబ్బా పేరు ఇంకా పోలేదు. “జర మా గుండె సూస్తవా?” అంటూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. నేను నోటుబుక్కు తీసి వివరించబోయేలోపే అత్తమ్మ అందుకుంటుంది.

“గా డబ్బ ఇంటి కరెంటును సూపెడతది. గుండె సూపెట్టుకునుడైతె కరీంనగర్ పోవాలె. భయమేం లేదు. సల్లటిది పూస్తరు, కాయితం ఇస్తరు, గంతే. మా కోడలు సదివి చెప్తది.”

ఆ చివరి మాట ఒద్దని ఎంత చెప్పినా వినదు. మొన్న పరీక్ష తేదీకి మేము బయల్దేరుతుంటే పక్కింటి పెద్దమ్మ కొత్త చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. ఆమె వెనుక ఆమె తోడికోడలు. ఇద్దరూ గుండె చూపించుకోవడానికట. అత్తమ్మ వాళ్లను తన రెండు పక్కలా కూర్చోబెట్టుకుని, బస్సు కదలకముందే జెల్లు ఎంత చల్లగా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టింది.